బస్సు కంటే ముందు కల్వర్టు

2025 ఆగస్టు 27న కామారెడ్డి మీద కురిసిన వాన హైదరాబాద్–ఆదిలాబాద్ ప్రయాణాన్ని రెండు చోట్ల తెంపేసింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు కట్ట కొట్టుకుపోయింది. 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతిని లారీలు, బస్సులు బారులు తీరి నిలిచిపోయాయి. ఆదిలాబాద్ పోవాల్సిన వాహనాలను పోలీసులు మేడ్చల్ దగ్గరే మళ్లించి సిద్దిపేట, కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా పంపారు. ఆ పక్కనా వాన తక్కువేం లేదు. అదే రోజు సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర ఎగువ మానేరు వరదలో రైతులు చిక్కుకుంటే, మరునాడు సైనిక హెలికాప్టర్ వచ్చి వాళ్లను తీసుకుపోవాల్సి వచ్చింది. ఆ వాన ఇంకొంచెం తూర్పుకు జరిగి ఉంటే ఆదిలాబాద్‌కు రాజధాని నుంచి దారి మిగిలేదో లేదో.

వాతావరణ మార్పును తట్టుకునే ప్రజా రవాణా గురించి ప్రపంచంలో చాలా చర్చ జరుగుతోంది. అందులో ఎక్కువ భాగం నేల కింద జరిగిన ప్రమాదాల చుట్టూ తిరుగుతుంది. 2012లో శాండీ తుపానుకు న్యూయార్క్ సబ్‌వే సొరంగాల్లోకి సముద్రపు నీరు వచ్చింది. 2021 జూలై 20న చైనాలోని జెంగ్‌జౌలో ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడి, మెట్రో అయిదో లైనులో 14 మంది చనిపోయారు. అక్కడి నుంచి వచ్చే సలహాలు ఎక్కువగా స్టేషన్ గుమ్మాలు ఎత్తు పెంచడం, నీళ్లు తోడే పంపులు పెట్టడం, సొరంగాలకు వరద తలుపులు బిగించడం గురించే. కరీంనగర్‌కు, ఆదిలాబాద్‌కు ఈ పాఠాలు సగమే పనికొస్తాయి. ఇక్కడ మెట్రో లేదు. ఊరి లోపల తిరిగే సిటీ బస్సు కూడా పేరుకే; కరీంనగర్‌లో కోతిరాంపూర్ నుంచి గీతాభవన్ చౌరస్తాకు పోవాలంటే జనం చేయెత్తేది ఆటోకే. ఇక్కడ పట్టణ రవాణా అంటే పట్టణానికి వచ్చిపోయే రవాణా. పొద్దున కూరగాయల గంప, కాలేజీ బ్యాగు, ఆస్పత్రి ఫైలు, అడ్డా కూలీ టిఫిను డబ్బా అన్నీ ఒకే పల్లెవెలుగు బస్సులోంచి దిగుతాయి, సాయంత్రం అదే బస్సులో వెనక్కి పోతాయి. ఆ బస్సు రాని రోజు పట్టణం సగం మూతపడ్డట్టే.

కాబట్టి ఈ సమీక్ష ఆర్టీసీ గురించి. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టిన రోడ్డు రవాణా విభాగమే 1958లో ఏపీఎస్‌ఆర్టీసీ, రాష్ట్రం వచ్చాక టీఎస్‌ఆర్టీసీ, 2024 నుంచి టీజీఎస్‌ఆర్టీసీ. కరీంనగర్ రీజియన్‌లో 11 డిపోలు ఉన్నాయి: కరీంనగర్‌లో రెండు, గోదావరిఖని, మంథని, హుజూరాబాద్, హుస్నాబాద్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ. ఆదిలాబాద్ రీజియన్‌లో ఆరు: ఆదిలాబాద్, నిర్మల్, భైంసా, ఉట్నూరు, ఆసిఫాబాద్, మంచిర్యాల. విస్తీర్ణం చూస్తే ఈ రెండో జాబితాయే ఆశ్చర్యం. పెన్‌గంగ నుంచి ప్రాణహిత దాకా, సహ్యాద్రి కొండల చివరి గుట్టలన్నిటికీ కలిపి ఆరు డిపోలు.

వాన తీరు మారింది, రోడ్డు లెక్క మారలేదు

పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1950–2015 మధ్య మధ్య భారతంలో విస్తృతంగా కురిసే అతి భారీ వర్షాలు మూడింతలయ్యాయి. ఆ పట్టీకి దక్షిణపు అంచు మన ఆదిలాబాద్. ఏడాది మొత్తం పడే వాన పెద్దగా మారకపోవచ్చు. అది నాలుగు నెలల పాటు ముసురుగా పడటం వేరు, నాలుగు రోజుల్లో దంచి కొట్టడం వేరు. ముసురుకు వాగు పారుతుంది. దంచి కొడితే వాగు రోడ్డెక్కుతుంది.

గత పదేళ్లలో ఇది ఎన్నిసార్లు జరిగిందో చెప్పుకుంటే పెద్ద చిట్టా అవుతుంది. 2021 జూలైలో నిర్మల్ పట్టణంలో జీఎన్ఆర్ కాలనీ మునిగింది. అదే ఏడాది సెప్టెంబరు 7న సిరిసిల్ల వీధులు కాలువలయ్యాయి. కొత్తగా కట్టిన కలెక్టరేటే నీళ్లలో నిలబడింది. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు, గేట్లన్నీ ఎత్తినా మూడు లక్షల క్యూసెక్కులకు మించి పోలేని చోటికి, అయిదు లక్షల దాకా వరద వచ్చింది. కట్ట నిలబడుతుందా లేదా అని రాష్ట్రమంతా రాత్రంతా మేలుకుంది. అదే వరదకు మంచిర్యాలలో మాతాశిశు ఆస్పత్రిలోకి నీళ్లొచ్చి రోగులను తరలించారు. మంథని ఊరు గోదావరి నీళ్లలో చిక్కింది. మరుసటి ఏడాది జూలై 27 నాటికి 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడి రాష్ట్ర రికార్డు అయింది. అంతకు ముందరి రికార్డు 2013లో వాజేడులో నమోదైన 517.5. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచింది, కడెం మీద మళ్లీ నీళ్లు పొర్లాయి.

వీటిలో ఆర్టీసీ ఆస్తి మునిగింది కొద్దిచోట్లే. బస్సులు ఆగింది మాత్రం ప్రతిసారీ. ఈ తేడాలోనే అసలు సమస్య ఉంది. ఈ రెండు రీజియన్లలో బస్సును ఆపేది డిపోలోని నీళ్లు కాదు, రోడ్డు అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటు. అది లోలెవల్ వంతెన కావచ్చు, పైపులు వేసి పైన సిమెంటు పోసిన కల్వర్టు కావచ్చు, వాగు ఇసుక మీదే పరిచిన తాత్కాలిక మట్టి రోడ్డు కావచ్చు. నలభై కిలోమీటర్ల రూటులో ముప్పై తొమ్మిదిన్నర కిలోమీటర్లు బాగుండి, వాగు దగ్గరి అర కిలోమీటరు మునిగితే ఆ రూటు మొత్తం బంద్. ఆ కల్వర్టులు కట్టిన కాలంలో ఏ వాన లెక్క తీసుకున్నారో ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. పైగా పైపులకు అడ్డంపడే చెట్ల కొమ్మలు, ప్లాస్టిక్, మొరం సంగతి వేరే. కాంట్రాక్టర్లు పూడిక తీసేది బిల్లులోనా వాగులోనా అన్నది ప్రతి మండలంలోనూ వినపడే ఎగతాళి.

ఆసిఫాబాద్ జిల్లాలో కాగజ్‌నగర్ నుంచి దహెగాం పోయే దారిలో పెద్దవాగు మీద అందవెల్లి వంతెన ఉండేది. 2022 వానాకాలంలో వరదలకు కుంగింది, అక్టోబరులో కూలిపోయింది. దహెగాం మండల కేంద్రానికి, దాని వెనక ఊళ్లకు రైలు స్టేషను, ఆస్పత్రి, కాలేజీ అన్నీ కాగజ్‌నగర్‌లోనే. వంతెన పోయాక వాగులో మట్టి రోడ్డు వేశారు. వాన పడితే అదీ పోయేది. బస్సు నడవాలంటే చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చేది. చుట్టు తిరిగే కిలోమీటర్లకు డీజిల్ పోసేదెవరు, ఆ టికెట్టు కొనేదెవరు? ఇంకో పక్క మానేరు మీద ముత్తారం మండలం ఓడేడు, భూపాలపల్లి జిల్లా గర్మిళ్లపల్లి మధ్య 2016లో మొదలైన వంతెన ఏళ్ల తరబడి పూర్తి కాలేదు. 2024 ఏప్రిల్ 22 రాత్రి గాలిదుమారానికి దాని గర్డర్లు కింద పడ్డాయి. అదే మానేరు మీద కరీంనగర్ దగ్గర 2023 జూన్‌లో తీగల వంతెన రంగురంగుల దీపాలతో ప్రారంభమైంది. అందం మీద నాకు కోపం లేదు. ఒకే నదికి ఎక్కడ డబ్బు పెట్టాలి అన్న వరుస మీదే అభ్యంతరం.

అడవి సంగతి కూడా చెప్పాలి. 2012లో కవ్వాల్‌ను పులుల అభయారణ్యంగా ప్రకటించాక జన్నారం, కడెం, ఉట్నూరు, తిర్యాణి వైపు రోడ్డు వెడల్పుకైనా, వంతెన ఎత్తు పెంచడానికైనా అటవీ అనుమతి కావాలి. పులి ఉండాలి, దానికి అడవి కావాలి. ఇందులో వాదన లేదు. అయితే వాగు మీద ఎత్తయిన వంతెన కొత్త రోడ్డు లాంటిది కాదు. దాని కింద నుంచి నీళ్లూ పోతాయి, జంతువులూ పోతాయి. లోలెవల్ కాజ్‌వే కంటే అడవికి అదే మేలు. ఈ రెండింటినీ ఒకే ఫైలులో, ఒకే వరుసలో పెట్టడం వల్ల గోండు, కొలాం గూడేలు వానాకాలంలో ద్వీపాలవుతున్నాయి. గర్భిణిని మంచం మీద మోసుకుని వాగు దాటించిన ఫొటో ఏటా పత్రికల్లో వస్తుంది. ఊళ్ల పేర్లే మారుతుంటాయి.

దాటాలా, ఆగాలా

2021 ఆగస్టు చివర్లో గంభీరావుపేట మండలం లింగన్నపేట దగ్గర మానేరు వాగు లోలెవల్ వంతెన మీద ఆర్టీసీ బస్సు వరదలో చిక్కుకుంది. స్థానికులు ప్రయాణికులను దించేశారు, తర్వాత బస్సు కొట్టుకుపోయింది. ఎవరి ప్రాణమూ పోకపోవడం జనం చలవ. ఇలాంటప్పుడు పత్రికలు, అధికారులు ముందు చూసేది డ్రైవర్ వంక. నీళ్లు కనిపించినా ఎందుకు పోనిచ్చాడు అని.

ఆ సీటులో కూర్చుని ఆలోచిస్తే ప్రశ్న అంత తేలిక కాదు. వెనక నుంచి యాభై మంది, "పోనియ్ అన్నా, నిన్న కూడా ఇంతే ఉండె" అంటారు. ట్రిప్పు రద్దయితే డిపో ఖాతాలో కిలోమీటర్లు పోతాయి, ఆదాయం పోతుంది. ఆగితే చీకటిపడుతుంది. నీటి లోతు చెప్పే గుర్తు రాయి ఉండదు, ఉన్నా మాసిపోయి ఉంటుంది. కల్వర్టు అంచులకు కట్టిన రాళ్లు ఎప్పుడో విరిగిపోయాయి. బస్సు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోటారు సైకిల్ మీద వచ్చినవాడి కంటే డ్రైవర్‌కు ధైర్యం ఎక్కువ. నిజానికి ఆ పెద్ద శరీరానికే ప్రవాహం తోపు ఎక్కువ. రాష్ట్రంలో ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వాల్సిన బాధ్యత అందరికంటే తక్కువ జీతం, తక్కువ సమాచారం ఉన్న మనిషి మీద పడింది.

సమాచారం లేక కాదు. తెలంగాణ ప్రణాళిక సొసైటీ వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు నడుపుతోంది. ఏ మండలంలో గంట గంటకూ ఎంత పడిందో చెబుతుంది. ప్రాజెక్టుల గేట్లు ఎప్పుడు ఎత్తుతున్నారో నీటిపారుదల శాఖకు తెలుసు. వాగు పైభాగాన రాత్రి రెండింటికి 10 సెంటీమీటర్లు పడితే, పొద్దున ఏడింటికి కింద కల్వర్టు మీద ఏం జరుగుతుందో ఆ రూటులో పదేళ్లు నడిపిన డ్రైవర్ చెప్పగలడు. ఈ మూడు తెలివులూ ఒకే బల్ల ముందు కూర్చోవడం లేదు. డిపో మేనేజర్ ఫోనుకు వచ్చేది జిల్లాకంతటికీ కలిపి ఇచ్చే రెడ్ అలర్ట్. ఏ రూటు, ఏ కల్వర్టు, ఏ గంట అన్న సంగతి అందులో ఉండదు.

జపాన్ రైల్వేలు దీనికి వేరే దారి పట్టాయి. 2014 అక్టోబరులో పశ్చిమ జపాన్ రైల్వే సంస్థ తుపాను రాకముందే ప్రకటించి ఒసాకా ప్రాంతపు రైళ్లు ఆపేసింది. ఇంత ముందు జాగ్రత్త ఎందుకని అప్పట్లో విమర్శలూ వచ్చాయి. ఇప్పుడు అక్కడ పెద్ద తుపాను వస్తే ముందు రోజే ఫలానా గంట నుంచి రైళ్లు ఉండవని చెప్పడం మామూలైపోయింది. జనం ముందే ఇళ్లకు పోతారు. జెంగ్‌జౌలో జరిగింది దీనికి తలకిందులు: నగరం మునుగుతున్నా మెట్రో ఆపే మాట ఎవరూ వేళకు అనలేదు. ఆ తర్వాత ప్రభుత్వ విచారణ నివేదికే ఆ తప్పు పట్టింది. ఆపడం కూడా సేవలో భాగమే అని ఒప్పుకోవడానికి ఆర్టీసీలాంటి సంస్థకు కొంచెం ధైర్యం కావాలి, ఎందుకంటే ఇక్కడ రద్దయిన కిలోమీటరు నష్టం పద్దులో పడుతుంది.

చేయదగిన పని పెద్దదేం కాదు. ప్రతి డిపోలో రూటువారీగా ప్రమాదపు దాటుళ్ల జాబితా ఉండాలి. ప్రతి దాటు దగ్గర ఎరుపు గీత గీసిన రాతి గుర్తు ఉండాలి. నీళ్లు గీతకు వస్తే బస్సు ఆగాలి, ఆ నిర్ణయం డిపోది కావాలి, డ్రైవర్‌ను వివరణ అడగకూడదు. నైట్ హాల్ట్ బస్సుల సంగతీ ఆలోచించాలి. మారుమూల ఊళ్లో రాత్రి నిలిపి పొద్దున తొలి ట్రిప్పుగా తీసే బస్సు వాగుకు అవతల చిక్కుకుంటే సాధారణంగా అది వ్యర్థమైన బస్సు. కావాలనే అక్కడ ఉంచితే అదే ఆ పది ఊళ్లను కలిపే బండి అవుతుంది: మండల కేంద్రం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వాగు ఒడ్డు మధ్య తిరుగుతుంది, ఇవతలి ఒడ్డుకు ఇంకో బస్సు వస్తుంది, నీరు దిగగానే జనం దాటి ఎక్కుతారు. దానికి అవతల ఒక డ్రమ్ము డీజిల్, సిబ్బందికి నాలుగు రోజుల అన్నం, అదనపు భత్యం కావాలి. అంతే.

సమ్మక్క సారలమ్మ జాతరకు ఇదే ఆర్టీసీ ఏం చేస్తుందో చూసినవాళ్లకు ఈ పని కష్టమని అనిపించదు. రెండేళ్లకోసారి మేడారానికి కొన్ని రోజుల్లో వేల బస్సులు పంపుతుంది. నెలల ముందే రూట్లు గీస్తారు, తాత్కాలిక బస్టాండు కడతారు, క్యూ లైన్లు వేస్తారు, చెడిపోయిన బస్సులకు మెకానిక్కులను దారి పొడవునా నిలబెడతారు. కరీంనగర్, ఆదిలాబాద్ డిపోలన్నీ అందులో ఉంటాయి. జాతర తేదీ ముందే తెలుసు, వరద తేదీ తెలియదు అంటారు. నెల మాత్రం తెలుసు కదా. పైన చెప్పిన చిట్టాలో జూలై ఎన్నిసార్లు వచ్చిందో చూడండి.

ఎండలో నిలబడే గంట

వరద పత్రిక మొదటి పేజీలో వస్తుంది. ఎండ లోపలి పేజీలో ఉష్ణోగ్రతల పట్టికగా వస్తుంది. మే నెలలో ఆ పట్టిక పైవరుసల్లో జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల, ఆదిలాబాద్ మండలాలే. 45 దాటడం వార్త కాకుండా పోయింది, 46 అయితే చూస్తారు. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల పరిహారం పెట్టింది. మంచి నిర్ణయం. పరిహారం ప్రాణం పోయాక వచ్చేది. ప్రాణం నిలపాల్సిన చోట్లలో బస్టాపు ఒకటి.

ప్రయాణికుడికి ఎండ తగిలేది బస్సులో కంటే బస్సు కోసం నిలబడినప్పుడు. కదిలే బస్సులో వేడిగాలైనా గాలి ఉంటుంది. ఎమ్మెల్యే నిధులతోనో, ఎంపీ నిధులతోనో కట్టిన షెల్టరు మీద రేకు, కింద స్టీలు బెంచీ, వెనక పెద్ద ఫ్లెక్సీ. మధ్యాహ్నం రెండింటికి ఆ బెంచీ మీద చేయి పెట్టలేం. జనం వేపచెట్టు కిందో, మూసి ఉన్న కిరాణా కొట్టు గడప మీదో కూర్చుంటారు. రోడ్ల వెడల్పులో దారి పొడవునా చింతలు, మర్రులు పోయినచోట అదీ లేదు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది, ప్రభుత్వ భవనాల పైకప్పులకు ఎండను తిప్పికొట్టే పూత తప్పనిసరి చేసింది. బస్టాండ్ల స్లాబులకు, షెల్టర్ల రేకులకు ఆ తెల్ల పూత వేయడం ఈ వ్యాసంలోని పనులన్నిటిలో చవకైనది.

2024 ఏప్రిల్‌లో ఆర్టీసీ హైదరాబాద్ నగరంలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎండ వల్ల బస్సులు తగ్గిస్తామని ప్రకటించింది. సిబ్బందికి ఉపశమనం, జనమూ తక్కువే తిరుగుతారు అన్నది లెక్క. డ్రైవర్ వైపు నుంచి చూస్తే న్యాయమే. ముందు ఇంజను ఉన్న బస్సులో అతను కూర్చునేది ఒక పొయ్యి పక్కన. ఆ వేళలో తప్పనిసరిగా బయటికి వచ్చిన మనిషి వైపు నుంచి చూస్తే లెక్క తిరగబడుతుంది. డయాలసిస్ అయిపోయి ఇంటికి పోయేవాడు, పరీక్ష రాసిన పిల్ల, అంగడిలో అమ్మకం ముగించిన ముసలమ్మ ఎండలో ఇరవై నిమిషాలకు బదులు నలభై నిమిషాలు నిలబడాలి. జిల్లాలో బస్సు గంటకొకటి అయిన చోట ఇలాంటి కోత ఇంకా ప్రమాదం. తగ్గిస్తే వేళ గట్టిగా చెప్పి తగ్గించాలి: ఒంటిగంటకు బస్సు లేదు, రెండున్నరకు తప్పక ఉంటుంది అని తెలిస్తే జనం నీడ వదిలి రారు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెట్టడం మనకు తరాల అలవాటు. బడి వేళ మార్చగలిగిన ప్రభుత్వానికి బస్సు వేళ మార్చడం కొత్త విద్య కాదు. తెల్లవారుజామున, పొద్దుగూకాక సర్వీసులు పెంచి, సిబ్బంది డ్యూటీలను ఆ ప్రకారం విరిచి, నట్టనడి మధ్యాహ్నం తక్కువైనా నికరమైన బస్సులు నడపొచ్చు.

ఇందులో ఆడవాళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. 2023 డిసెంబరు 9న వాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లే ఎక్కువ. ఈ పథకాన్ని సంక్షేమమని, ఓట్ల లెక్కని మాట్లాడారు కానీ, జనాన్ని ఆటోల నుంచి, మోటారు సైకిళ్ల నుంచి బస్సుకు మార్చిన వాతావరణ విధానంగా ఎవరూ పెద్దగా చూడలేదు. దానికి ఒక బలహీనత ఉంది. వాగు పొంగి బస్సు ఆగిన రోజు ఆ ఉచితం కూడా ఆగుతుంది. అదే రోజు ఆటో రేటు రెండింతలవుతుంది. బస్సుల సంఖ్య తక్కువై, నడిచే ఒక్క బస్సులో రెండు బస్సుల జనం ఎక్కితే ఏమవుతుందో జగిత్యాల డిపోకు చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో వందమందికి పైగా ఎక్కిన బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. అది వాతావరణ ప్రమాదం కాదు. మిగులు బస్సు లేని వ్యవస్థ ఎంత పెళుసో మాత్రం చెబుతుంది. వరదల వారంలో ఆ పెళుసుదనం రోజూ ఉంటుంది.

కరెంటు బస్సు ఏమిస్తుంది, ఏమివ్వదు

2024 సెప్టెంబరు 29న కరీంనగర్‌లో 35 ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీ బస్సులు మొదలయ్యాయి. హైదరాబాద్ దారిలో చల్లగా, చప్పుడు లేకుండా పోతాయి. పొగ ఉండదు. వేడిమి తగ్గించే పని, వేడిమిని తట్టుకునే పని రెండూ వాతావరణం పేరు మీదే నడుస్తాయి కాబట్టి కలిసిపోతుంటాయి. ఎలక్ట్రిక్ బస్సు మొదటిది చేస్తుంది. అది కూడా పూర్తిగా కాదు. ఆ బస్సుకు వచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుది. సింగరేణి బొగ్గు తవ్వే చోట, రామగుండంలోనే 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఉంది. అదే ఎన్టీపీసీ తన జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు 2022లో పూర్తి చేసింది. వేసవిలో మధ్యాహ్నం బస్సులు తగ్గే వేళకే ఆ కరెంటు ఎక్కువగా వస్తుంది. డిపోలో నిలిచిన బస్సులను అప్పుడు చార్జింగ్ పెడితే రెండు పనులూ కలుస్తాయి.

రెండో పని, అంటే తట్టుకోవడం, ఎలక్ట్రిక్ బస్సుతో తానుగా రాదు. డీజిల్ డిపోకు నేల కింద ట్యాంకు ఉంటుంది. కరెంటు పోయినా నాలుగు రోజులు బస్సులు తిరుగుతాయి, అవసరమైతే పక్క డిపోలో పోయించుకుంటాయి. కరెంటు డిపోకు ఆ నిల్వ లేదు. గాలివానకు స్తంభాలు పడి లైను పోతే బస్సులన్నీ ఒకేసారి ఆగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం, జూలైలో వరద, రెండూ లైన్లను పడగొట్టే కాలాలే. రెండు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి లైను, చార్జర్లను వరద మట్టం కంటే ఎత్తున పెట్టడం, డిపోలో కొంత నిల్వ బ్యాటరీ, రీజియన్ మొత్తంలో కొన్ని డీజిల్ బస్సులను చివరిదాకా ఉంచడం: ఇవి లేకుండా డిపో మొత్తాన్ని కరెంటుకు మారిస్తే ఒక బలహీనతను ఇంకో బలహీనతతో మార్చుకున్నట్టే. బ్యాటరీకి నీళ్లు చొరబడవని కంపెనీలు చెప్పేది నిజమే కావచ్చు. వరదలో బస్సు నడపొచ్చని దానర్థం కాదు.

రైలు గురించి రెండు మాటలు చాలు. 2017లో పెద్దపల్లి–నిజామాబాద్ లైను పూర్తయ్యాక కరీంనగర్, జగిత్యాలకు నిజామాబాద్ వైపు కూడా రైలు దారి దొరికింది, రైళ్లు మాత్రం కొన్నే. మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్‌లకు కాజీపేట–బల్లార్షా లైను ప్రాణం. ఆదిలాబాద్ పట్టణానికి రైలు మహారాష్ట్రలోని ముద్ఖేడ్ చుట్టూ తిరిగి వస్తుంది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర, 2025 ఆగస్టులో భిక్కనూరు దగ్గర కట్టలు కొట్టుకుపోయాయి. రైల్వే వాటిని రోజుల్లో బాగు చేసింది. ఒకే సంస్థకు పట్టా, కట్ట, రైలు, స్టేషను అన్నీ సొంతం కావడం వల్లనే అది సాధ్యం.

ఆర్టీసీకి ఆ అదృష్టం లేదు. బస్సు ఆర్టీసీది, రోడ్డు ఆర్ అండ్ బీది లేదా పంచాయతీరాజ్‌ది, జాతీయ రహదారి కేంద్రానిది, పట్టణంలో మురుగు కాలువ మున్సిపాలిటీది, అడవి అటవీ శాఖది, గేటు నీటిపారుదలది. వాగు మీద బస్సు ఆగితే నష్టపోయేది ఒకరు, బాగు చేయగలిగింది ఇంకొకరు. ఆ ఇంకొకరి పద్దులో బస్సు ఆగిన నష్టం కనపడదు కాబట్టి ఆ కల్వర్టు ఎప్పుడూ జాబితా కింద ఉంటుంది. రోడ్ల శాఖ ఏ వంతెన ముందు కట్టాలో తేల్చేటప్పుడు ట్రాఫిక్ లెక్క చూస్తుంది. ఎన్ని వాహనాలు తిరుగుతున్నాయి అని. దహెగాం దారిలో రోజుకు నాలుగు బస్సులు వెళ్తే అవి నాలుగు వాహనాలుగానే లెక్కకొస్తాయి, అందులో ఎక్కిన రెండు వందల మంది లెక్కకు రారు. వాహనాలను కాక మనుషులను లెక్కపెడితే వరుస మారుతుంది. ఆ లెక్క ఆర్టీసీ టికెట్ మిషన్లలో ఇప్పటికే ఉంది. మహాలక్ష్మి జీరో టికెట్లతో ప్రతి రూటులో ఎందరు, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో నమోదవుతోంది. రోడ్ల శాఖ ఇంజనీరు దాన్ని ఒక్కసారి అడగాలి. డబ్బు దారి కూడా లేకపోలేదు: పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్ర విపత్తు నిధుల్లో 20 శాతం ముందస్తు నివారణకే కేటాయించింది. ఏటా కొట్టుకుపోయే కాజ్‌వేను ఏటా మరమ్మతు చేయడం సహాయం పద్దు. ఎత్తు పెంచడం నివారణ పద్దు.

ఈ మధ్య ఈ గొలుసులో కొత్త పేరు ఒకటి చేరింది. 2025 మార్చి 8న మండల మహిళా సమాఖ్యలు కొన్న బస్సులను ఆర్టీసీకి అద్దెకిచ్చే పథకం మొదలైంది. పొదుపు సంఘాల డబ్బు, ప్రభుత్వ సాయం కలిసి కొన్న బస్సులు. ఎలక్ట్రిక్ బస్సులదీ అద్దె ఒప్పందమే, కాకపోతే వాటి ఆపరేటర్ పెద్ద కంపెనీ. ఒప్పందం రాసేటప్పుడు వాళ్ల వకీళ్లు వానలను, వరదలను, రోడ్డు మూతను ఒక్కో పేరాలో పెట్టుకుంటారు. సమాఖ్య అధ్యక్షురాలు ఆ పేరాలు చదివే ఉంటుందని చెప్పలేం. వాగు పొంగి వారం పాటు బస్సు కదలకపోతే అద్దె వస్తుందా, కిస్తీ ఎవరు కడతారు, వరదలో బస్సు పోతే బీమా ఎంత ఇస్తుంది, డిపో చెప్పినా ఆగకుండా పోతే ఎవరి పూచీ, ఆగమంటే ఆ రోజు కూలి ఎవరిది? తర్వాతి విడత బస్సులకు సంతకాలు పెట్టేముందు ఈ అయిదు ప్రశ్నలు అడగాల్సింది సమాఖ్యలు. రాతపూర్వకంగా జవాబు చెప్పాల్సింది ఆర్టీసీ.